నీలి లైటు కోసం ఆగాలా?

ప్రశ్న: మా బాబుకు ఏడేళ్లు. చిన్నమెదడులో గడ్డ ఉందని, త్వరగా ఆపరేషన్ చేయాలని అన్నారు. మందు తాగించి నీలి లైటు వేస్తే గడ్డ మెరుస్తుందని, మొత్తం తీసేయొచ్చని యూట్యూబ్‌లో చూశాం. మా ఆస్పత్రిలో ఆ సౌకర్యం లేదట. ఉన్నచోటికి వెళ్లేదాకా ఆగమంటారా?
- ఒక తల్లి, ఖమ్మం

జవాబు: ఆ లైటు ఒక్కదాని కోసమే అయితే ఆగొద్దమ్మా. మీరు చూసింది అబద్ధం కాదు. 5-ఏఎల్ఏ అనే మందును మత్తు ఇవ్వడానికి సుమారు మూడు గంటల ముందు, కిలో బరువుకు 20 మిల్లీగ్రాముల చొప్పున నీళ్లలో కలిపి తాగిస్తారు. కొన్ని రకాల గడ్డల కణాలు దాన్ని పోర్ఫిరిన్ అనే పదార్థంగా మార్చి తమలోనే దాచుకుంటాయి. మైక్రోస్కోప్‌లో నీలికాంతి వేయగానే గడ్డ నడిమి భాగం ఎర్రగా, అంచులు లేత గులాబీగా కనిపిస్తాయి. 2006లో జర్మనీ వైద్యులు ప్రచురించిన అధ్యయనంలో మామూలు లైటు కింద 36 శాతం మందికి గడ్డ పూర్తిగా తీయగలిగితే, ఈ పద్ధతిలో 65 శాతం మందికి తీయగలిగారు. అయితే వాళ్లంతా పెద్దవాళ్లు, వాళ్లకున్నవి ఉధృతంగా పెరిగే గ్లయోమాలు అనే రకం గడ్డలు. 2017లో అమెరికా ఎఫ్‌డీఏ అనుమతించిందీ ఉధృతమైన గ్లయోమాలకే. వీడియోల్లో ఈ ముక్క చెప్పరు.

పిల్లల చిన్నమెదడులో ఎక్కువగా వచ్చే గడ్డలు వేరు. పైలోసైటిక్ ఆస్ట్రోసైటోమా, మెడుల్లోబ్లాస్టోమా చాలాసార్లు మెరవవు, మెరిసినా అక్కడక్కడే. ఎపెండిమోమా కాస్త ఎక్కువగా మెరుస్తుంది. కాబట్టి మెరవలేదని గడ్డ లేదనుకోవడానికి లేదు. మెరిసిందల్లా గడ్డా కాదు. మెదడులో నీరుండే గదుల గోడలు గడ్డ కణాలు లేకుండానే ఒక్కోసారి మెరుస్తాయి.

"ఉంటే మంచిదేగా, పోయేదేముంది?" అనొచ్చు. మందు వల్ల పెద్ద ప్రమాదం లేని మాట నిజమే. ఒకటి రెండు రోజులు ఎండ, గట్టి వెలుతురు తగలకుండా చూడాలి, లివర్ పరీక్షల్లో కొద్దిగా తేడా రావచ్చు. పోయేది సమయం. గడ్డ నీటి దారికి అడ్డుపడితే తలలో ఒత్తిడి పెరుగుతుంది. పొద్దున లేస్తూనే తలనొప్పి, వాంతులు వచ్చేది అందుకే. పైగా మొత్తం తీయడమే గెలుపని ముందే అనుకోకండి. మెడుల్లోబ్లాస్టోమా జన్యురకాన్ని లెక్కలోకి తీసుకుంటే, చిన్న ముక్క మిగిలిన పిల్లలకూ మొత్తం తీసిన పిల్లలకూ బతికే అవకాశంలో చెప్పుకోదగ్గ తేడా కనబడలేదని 2016లో లాన్సెట్ ఆంకాలజీలో వచ్చింది. బ్రెయిన్ స్టెమ్‌కు (మెదడు కాండానికి) అతుక్కున్న ముక్కను సర్జన్ కావాలనే వదిలేయడానికి ఇదీ ఒక కారణం. మెడుల్లోబ్లాస్టోమా ఆపరేషన్ తర్వాత సుమారు నలుగురు పిల్లల్లో ఒకరికి కొన్నాళ్లు మాట ఆగిపోతుంది. ఆ భయం లైటు ఉన్నా పోదు.

మీరు అడగాల్సినవి వేరే ఉన్నాయి. సర్జన్ పిల్లల మెదడు ఆపరేషన్లు తరచూ చేస్తారా? ఆపరేషన్ జరుగుతుండగా నరాల పనితీరు కనిపెట్టే ఏర్పాటు ఉందా? తర్వాత 48 గంటల్లో ఎమ్మారై తీస్తారా? తీయదగ్గ ముక్క మిగిలిందని అందులో తేలితే మళ్లీ ఆపరేషన్ చేయొచ్చు. బయాప్సీలో ఉధృతమైన గ్లయోమా అని వచ్చినా, ఎపెండిమోమా తిరగబెట్టినా, అప్పుడు నీలి లైటున్న ఆస్పత్రి గురించి మీ డాక్టర్‌ను తప్పకుండా అడగండి.