చేపల బండి ఖరీదు ఎందుకు పెరిగింది?

నెల్లూరు తీరంలో ఉదయాన్నే మైపాడు, ఇస్కపల్లి వంటి ఊళ్ళకు వెళ్ళేవారికి తప్పక కనిపించే దృశ్యం ఒకటి ఉంది. ఐసు పెట్టెలతో నిండిన చిన్న పికప్ బండ్లు బారులు తీరి జాతీయ రహదారివైపు పరుగులు తీస్తుంటాయి. చేపలు, రొయ్యలు వేచి ఉండే సరుకు కావు. ఎండ ఎక్కేకొద్దీ వాటిలో సూక్ష్మజీవులు పెరుగుతాయి, ధర తరుగుతుంది. అందుకే ఈ తీరంలో బండి అంటే విలాసం కాదు, బతుకుతెరువు.

పూర్వం ఈ పని పడవలు చేసేవి. 19వ శతాబ్దంలో తవ్విన బకింగ్‌హాం కాలువ మీదుగా ఉప్పు, వంటచెరకు ఇక్కడినుండి మద్రాసుకు పోయేవి. రోడ్లు బాగుపడ్డాక లారీలు వచ్చాయి. కాని లారీ ఇరుకు సందుల్లోకి, చెరువు గట్లమీదికి పోలేదు. 2005 మే నెలలో టాటా సంస్థ ఏస్ అనే బుల్లి బండిని విడుదల చేయడంతో ఆ లోటు తీరింది. రెండు సిలిండర్ల డీజిలు ఇంజను, ముప్పాతిక టన్ను బరువు మోసే శక్తి, ధర 2.25 లక్షల రూపాయలు. జనం దానికి ‘చోటా హాథీ’, అనగా చిన్న ఏనుగు అని పేరు పెట్టుకున్నారు.

ఇప్పుడు కొత్త పికప్ కొనాలనుకునే కుటుంబం ఆ ధర విని నిట్టూరుస్తుంది. ధర ఎందుకు పెరిగింది? “కంపెనీలవాళ్ళు పెంచేశారు” అనుకుంటే సగం సమాధానమే. మిగతా సగం రసాయనశాస్త్రంలోను, లోహశాస్త్రంలోను, మీ లెక్కల పుస్తకంలోను ఉంది. వరుసగా చూద్దాం.

ముందుగా: నిజంగా పెరిగిందా?

రూపాయి కొలబద్ద వంటిదే కాని, ఏటేటా కురచనయ్యే కొలబద్ద. వస్తువుల ధరలు ఏటా 6 శాతం చొప్పున పెరుగుతున్నాయనుకోండి. 72ను 6తో భాగిస్తే 12 వస్తుంది. అంటే దాదాపు 12 ఏళ్ళలో ధరలు రెట్టింపవుతాయి. 20 ఏళ్ళకు 3.2 రెట్లవుతాయి. ఈ లెక్కన 2005 నాటి 2.25 లక్షలు 2025 నాటి 7.2 లక్షలతో సమానం.

2025 జూన్‌లో అదే సంస్థ ఏస్ ప్రో అనే బండిని తెచ్చింది. అదీ ముప్పాతిక టన్ను మోసేదే. పెట్రోలు నమూనా ప్రారంభ ధర 3.99 లక్షలు. చూశారా! అంకె పెరిగింది కాని, మన లెక్క ప్రకారం అసలు విలువ తగ్గింది.

ఇక రెండో ఉదాహరణ. నెల్లూరు తీరానికి దక్షిణపు కొసన, తడ దగ్గర ఉన్న శ్రీసిటీలో ఇసుజు సంస్థ కర్మాగారం 2016 ఏప్రిల్‌లో ప్రారంభమైంది. అక్కడ తయారైన నాలుగు చక్రాల చోదకం గల వి-క్రాస్ పికప్ ఆ ఏడాది 12.5 లక్షలకు దగ్గరగా ఉండేది. 2021లో కొత్త ఇంజనుతో వచ్చిన ఆ తరహా బండి దాదాపు 21 లక్షలు. 6 శాతం లెక్క ప్రకారమైతే అయిదేళ్ళలో 16.7 లక్షలు కావాలి. అంతకు మించి నాలుగు లక్షలకు పైగా పెరిగింది. దీనిలో కొంత అదనపు సౌకర్యాలకు పోయి ఉంటుంది. తక్కినదానికి కారణం వెతకాలంటే ఆ రెండు సంవత్సరాల మధ్య ఏం జరిగిందో చూడాలి.

పొగ గొట్టంలో రసాయనశాల

2020 ఏప్రిల్ 1 నుండి దేశమంతటా భారత్ స్టేజ్-6 అనే పొగ నియమాలు అమలులోకి వచ్చాయి. నాలుగో మెట్టు నుండి అయిదో మెట్టు ఎక్కకుండానే ఆరో మెట్టుకు దూకాం. చిన్న డీజిలు కార్ల తరగతిలో నైట్రోజన్ ఆక్సైడుల హద్దు కిలోమీటరుకు 0.25 గ్రాముల నుండి 0.08 గ్రాములకు తగ్గింది. మసి కణాల హద్దు 0.025 గ్రాముల నుండి 0.0045 గ్రాములకు దిగింది. అంటే మసి అయిదోవంతుకన్నా తక్కువ!

ఇది డీజిలు ఇంజనుకు ఎందుకంత కష్టం? పెట్రోలు ఇంజనులో నిప్పురవ్వ ఇంధనాన్ని మండిస్తుంది. డీజిలు ఇంజనులో నిప్పురవ్వ లేదు. గాలిని ఎంతో గట్టిగా నొక్కితే అది బాగా వేడెక్కుతుంది. ఆ వేడిగాలిలోకి డీజిలును చిమ్మితే తనంతట తానే మండుతుంది. ఆ మంట వేడికి గాలిలోని నైట్రోజన్, ఆక్సిజన్ కలిసి నైట్రోజన్ ఆక్సైడులు పుడతాయి. మరోపక్క డీజిలు తుంపర దట్టంగా ఉన్నచోట గాలి చాలక మసి ఏర్పడుతుంది. చిక్కు ఇక్కడే ఉంది. వేడి తగ్గిస్తే ఆక్సైడులు తగ్గుతాయి, మసి పెరుగుతుంది. వేడి పెంచితే మసి తగ్గుతుంది, ఆక్సైడులు పెరుగుతాయి. ముందుకు పోతే గొయ్యి, వెనక్కు పోతే నుయ్యి!

కాబట్టి ఇంజను బయట, పొగ గొట్టంలో, ఒక చిన్న రసాయనశాల కట్టవలసి వచ్చింది. అందులో ముఖ్యమైనవి ఇవి.

1. మసి వడపోత: తేనెపట్టులాంటి పింగాణీ దిమ్మ. దాని సన్నని రంధ్రాల గోడలు మసిని పట్టి ఉంచుతాయి. అప్పుడప్పుడు వేడి పెంచి ఆ మసిని కాల్చివేయాలి.

2. యూరియా ద్రావణం: నూటికి 32.5 పాళ్ళు యూరియా కలిపిన శుద్ధమైన నీరు. దీన్ని వేడి పొగలోకి చిమ్మితే అమ్మోనియా పుడుతుంది. అమ్మోనియా నైట్రోజన్ ఆక్సైడులతో చర్య జరిపి వాటిని నైట్రోజన్‌గాను, నీటి ఆవిరిగాను మారుస్తుంది. పైరుకు చల్లే యూరియాయే ఇక్కడ గాలిని శుభ్రం చేస్తోందన్నమాట! అన్ని బండ్లలోను ఇది ఉండదు. కొన్ని చిన్న ఇంజన్లలో ఆక్సైడులను పట్టి ఉంచే వేరే ఏర్పాటు ఉంటుంది.

3. ఉత్ప్రేరకం: తాను ఖర్చు కాకుండా రసాయన చర్యను వేగిరపరచే పదార్థం. ఇక్కడ ప్లాటినం, పల్లాడియం, రోడియం వంటి లోహాలు ఆ పని చేస్తాయి. ఒక్కో బండిలో ఇవి కొద్ది గ్రాములే ఉంటాయి. కాని ఇవి దొరికే చోట్లు తక్కువ. ప్లాటినం, రోడియం ఎక్కువభాగం దక్షిణాఫ్రికా గనుల నుండి వస్తాయి. పల్లాడియం ముఖ్యంగా రష్యా, దక్షిణాఫ్రికాల నుండి వస్తుంది. 2021లో రోడియం ధర బంగారం ధరకు పదిరెట్లు దాటింది. ఎక్కడో గనిలో పని ఆగితే ఇస్కపల్లిలో కొనే బండి ధర కదులుతుంది.

4. గ్రాహకాలు, కంప్యూటరు: ఎంత యూరియా చిమ్మాలి, మసిని ఎప్పుడు కాల్చాలి అని నిర్ణయించేందుకు ఎలక్ట్రానిక్ మెదడు కావాలి. 2021లో సిలికాన్ చిప్పుల కొరత ప్రపంచమంతటా బండ్ల తయారీని దెబ్బతీసింది.

ఇంధనం కూడా మారింది. గంధకం ఉత్ప్రేరకానికి విషంవంటిది. అందుకని డీజిలులో గంధకాన్ని పది లక్షల పాళ్ళకు 50 నుండి 10 పాళ్ళకు తగ్గించారు.

ఈ సామగ్రి పెద్ద ఇంజనుకైనా, చిన్న ఇంజనుకైనా కావలసిందే. 20 లక్షల బండిలో దాని ఖర్చు కలిసిపోతుంది. నాలుగు లక్షల బండికి అది పెనుభారం. ఏస్ ప్రో పెట్రోలు, సీఎన్‌జీ, విద్యుత్ నమూనాలతోనే వచ్చిందిగాని డీజిలు నమూనాతో రాలేదు. దాని ధర ఎందుకు అదుపులో ఉందో ఇప్పుడు మీకు అర్థమై ఉంటుంది.

మరి ఈ ఖర్చంతా దండుగేనా? కాదు. సన్నని మసి కణాలు ముక్కులో ఆగవు. ఊపిరితిత్తుల లోతుకు పోతాయి. పాత లెక్కలో ఆ నష్టం బండి ధరలో కనబడేది కాదు. ఆసుపత్రి ఖర్చులో కనబడేది.

పన్నులో ఒక చిన్న పజిలు

2017 జూలై 1న జీఎస్టీ వచ్చినప్పుడు సరుకు బండ్లమీద పన్ను 28 శాతం. 2025 సెప్టెంబరు 22 నుండి అది 18 శాతానికి తగ్గింది. పన్ను 10 శాతం తగ్గింది కనుక బండి ధర కూడా 10 శాతం తగ్గుతుందా?

పన్నుకు ముందు ధర 7,00,000 అనుకోండి. పాత పన్నుతో 8,96,000. కొత్త పన్నుతో 8,26,000. తేడా 70,000 రూపాయలు. ఇది 8,96,000లో 7.8 శాతం మాత్రమే. పన్ను మూల ధరమీద లెక్క, మనం చూసే తగ్గింపు మొత్తం ధరమీద లెక్క. ధరలు ఎప్పుడూ పైకే పోవు, అప్పుడప్పుడు దిగుతాయి కూడా. అయితే రిజిస్ట్రేషను, బీమా, చేపలకోసం కట్టించే వేడి చొరని పెట్టె ఖర్చులు దీనికి అదనం.

వాయిదా లెక్క

చాలామంది బండిని అప్పుమీదే కొంటారు. 6,00,000 రూపాయల అప్పు, 12 శాతం వడ్డీ, 5 ఏళ్ళ గడువు అనుకుందాం. “12 శాతం” అన్న మాటకు రెండు అర్థాలున్నాయి. జాగ్రత్తగా చూడండి.

తగ్గే అసలుమీద వడ్డీ: ప్రతినెలా మిగిలిన బాకీమీదనే వడ్డీ వేస్తారు. నెలవాయిదా సుమారు 13,347 రూపాయలు. మొత్తం వడ్డీ దాదాపు 2 లక్షలు.

ఫ్లాట్ వడ్డీ: అప్పు తీరుతున్నా, అయిదేళ్ళూ మొదటి 6 లక్షలమీదనే వడ్డీ వేస్తారు. 6,00,000లో 12 శాతం 72,000. అయిదేళ్ళకు 3,60,000. నెలవాయిదా 16,000 రూపాయలు. దీన్ని తగ్గే అసలు పద్ధతిలోకి మారిస్తే వడ్డీ 20 శాతం దాటుతుంది!

రెండింటికీ తేడా దాదాపు 1,60,000 రూపాయలు. పన్ను తగ్గడంవల్ల మిగిలినదానికి ఇది రెట్టింపుకన్నా ఎక్కువ. మీ ఇంట్లో ఎవరైనా బండి కొనబోతుంటే సంతకానికి ముందు అడగవలసిన ప్రశ్న ఒకటే: “వడ్డీ ఏ పద్ధతిలో?”

సముద్రపు చేపలు మోసే బండికి మరో చిక్కుంది. చేపలు గుడ్లుపెట్టే కాలంలో వాటి సంతతిని కాపాడేందుకు తూర్పు తీరంలో ఏప్రిల్ 15 నుండి జూన్ 14 వరకు 61 రోజులు మర పడవల వేట నిషేధం. వేట ఆగుతుంది, వాయిదా ఆగదు. ఏడాది వాయిదాలు 13,347 × 12 = 1,60,164. నెలకు 20 తిరుగుళ్ళ చొప్పున పది నెలలకు 200 తిరుగుళ్ళు. ఒక్కో తిరుగుడుమీద వాయిదా భారం సుమారు 801 రూపాయలు. ఫ్లాట్ వడ్డీ అయితే 960. డీజిలు, ఐసు, కూలి ఖర్చులు ఇంకా దీనిలో చేరలేదు.

ఉప్పుగాలి తినే బండి

బండి ఖరీదును అది పనిచేసే సంవత్సరాలతో భాగిస్తేనే అసలు సంగతి తేలుతుంది. తీరంలో ఆ సంవత్సరాలను కొరికేది తుప్పు.

ఇనుము, నీరు, ఆక్సిజన్ కలిస్తే తుప్పు పుడుతుంది. ఇది ఒకరకం విద్యుత్ చర్య. రేకుమీద ఒకచోట ఇనుము ఎలక్ట్రాన్లను వదిలి కరుగుతుంది, మరోచోట ఆక్సిజన్ వాటిని తీసుకుంటుంది. నీటిలో ఉప్పు ఉంటే విద్యుత్తు సులభంగా పారుతుంది కనుక చర్య వేగం పెరుగుతుంది. సముద్రపు గాలిలో ఉప్పు తుంపర ఉంటుంది. దానికితోడు చేపల పెట్టెల నుండి ఉప్పునీరు కారి అడుగు రేకుల సందుల్లో చేరుతుంది.

దీనికి విరుగుడుగా రేకుకు జింకు పూత వేస్తారు. జింకు ఇనుముకన్నా చురుకైనది. పూత గీరుకుపోయినా ముందు తానే కరిగి ఇనుమును కాపాడుతుంది. ఈ పూత కూడా బండి ధరలో భాగమే, కాని దండుగ ఖర్చు కాదు.

ఒక లెక్క చూడండి. 8,26,000 పెట్టి కొన్న బండిని పదేళ్ళు వాడి 1,50,000కు అమ్మారనుకోండి. ఏటా తరుగు 67,600. తుప్పువల్ల ఏడేళ్ళకే 1,00,000కు అమ్మవలసివస్తే తరుగు దాదాపు 1,03,700. అంటే ఏటికి 36 వేలు ఉప్పు తినేసిందన్నమాట! రోజూ పని ముగిశాక బండి అడుగుభాగాన్ని మంచినీటితో కడగడం ఎంత లాభసాటి పనో తెలిసిందా?

ముందు దారి

విద్యుత్ బండికి పొగ గొట్టమే లేదు. కనుక వడపోత, యూరియా, రోడియం అక్కర్లేదు. టాటా ఏస్ విద్యుత్ నమూనా 2022లో వచ్చింది. అయితే దాని ధరలో పెద్దవాటా బ్యాటరీదే. కొనే ఖర్చు ఎక్కువ, నడిపే ఖర్చు తక్కువ. రోజుకు ఎక్కువ దూరం తిరిగే బండికి ఆ తేడా త్వరగా పూడుతుంది, ఎక్కువ రోజులు షెడ్డులో ఉండే బండికి పూడదు. ఏది మేలో ఊరినిబట్టి, పనినిబట్టి లెక్క వేసుకోవలసిందే.

చేసి చూడండి

నాలుగు గాజు గ్లాసులు తీసుకోండి. మొదటిదానిలో మంచినీరు, మిగతా మూడింటిలో ఉప్పునీరు సగం వరకు పోయండి. మొదటి రెండింటిలో మామూలు ఇనుప మేకు, మూడోదానిలో దట్టంగా గ్రీజు పూసిన మేకు, నాలుగోదానిలో జింకు పూత ఉన్న మేకు వేయండి. వారం రోజులు రోజూ చూసి, రంగు మార్పును నోటుపుస్తకంలో రాయండి.

ప్రశ్నలు

1. ధరలు ఏటా 8 శాతం పెరిగితే సుమారు ఎన్నేళ్ళలో రెట్టింపవుతాయి?
2. పన్నుకు ముందు ధర 5,00,000 అయితే పన్ను 28 నుండి 18 శాతానికి తగ్గినప్పుడు మొత్తం ధర ఎంత శాతం తగ్గుతుంది? 7,00,000 ధరకు వచ్చిన జవాబుతో పోల్చండి. ఏం గమనించారు?
3. పై ఉదాహరణలో నెలకు 25 తిరుగుళ్ళు వేస్తే ఒక్కో తిరుగుడుమీద వాయిదా భారం రెండు పద్ధతుల్లోను ఎంత?