అబట్స్‌ఫర్డ్ భవనం

'ఇల్లు కట్టి చూడు, పెళ్ళి చేసి చూడు' అని మన సామెత. ఈ రెండు పనులూ మనిషి ఓపికను, చేతిలోని ధనాన్ని పరీక్షకు పెడతాయని దాని భావం. మనకు ఎంతో దూరాన ఉన్న స్కాట్లండ్ దేశంలో ఒక గొప్ప రచయిత ఈ రెండు పనులూ చేశాడు. ఆ తరువాత వచ్చిన కష్టాన్ని ఆయన ఎదుర్కొన్న తీరు తెలుసుకోదగినది. ఆ రచయిత సర్ వాల్టర్ స్కాట్. ఆయన కట్టించిన ఇంటి పేరు అబట్స్‌ఫర్డ్.

స్కాట్ 1771లో ఎడింబరో నగరంలో జన్మించాడు. పసితనంలోనే జబ్బుచేసి కుడికాలు అవిటిదైంది. పల్లెగాలికి ఆరోగ్యం కుదుటపడుతుందని తల్లిదండ్రులు ఆయనను తాతగారి పొలానికి పంపారు. అది స్కాట్లండుకూ ఇంగ్లండుకూ నడుమ ఉన్న సరిహద్దు ప్రాంతం. పూర్వం అక్కడ రెండు రాజ్యాల మధ్య ఎన్నో పోరాటాలు జరిగాయి. ఆ పోరాటాల కథలు జనం నోట పాటలుగా నిలిచాయి. నడవలేని ఆ పిల్లవాడు నాయనమ్మ దగ్గర, మేనత్త దగ్గర ఆ పాటలూ కథలూ వింటూ పెరిగాడు.

పెద్దవాడై న్యాయవాది అయ్యాక కూడా స్కాట్ వాటిని మరచిపోలేదు. ఊరూరా తిరిగి, ముసలివారి చేత పాడించుకొని, జానపద గేయాలను సేకరించి 1802, 1803 సంవత్సరాలలో గ్రంథంగా వెలువరించాడు. ఈ పనిలో ఆయనకు సాయపడిన మిత్రుడు జాన్ లేడెన్. లేడెన్ 1803లో వైద్యుడిగా మద్రాసుకు వచ్చి, మైసూరు సర్వేలో కల్నల్ కాలిన్ మెకంజీ కింద పనిచేశాడు. మన గ్రామాల కైఫియత్తులను సేకరింపజేసిన మెకంజీ ఈయనే. ఆయన కూడా స్కాట్లండు వాడే. తమ దేశంలో పాత కథల విలువ తెలిసిన వారే మన దేశంలోనూ వాటికోసం వెదకడం గమనించదగిన విషయం.

లేడెన్ 1811లో జావా ద్వీపంలో మరణించాడు. ఆ సంవత్సరమే స్కాట్ మెల్‌రోజ్ పట్టణం దగ్గర, ట్వీడ్ నది ఒడ్డున సుమారు 110 ఎకరాల పొలం కొన్నాడు. అక్కడ ఉన్నది ఒక చిన్న రైతు ఇల్లు. ఆ చోటును ఇరుగుపొరుగువారు 'బురదగుంట' అని వేళాకోళం చేసేవారు. పూర్వం మెల్‌రోజ్ క్రైస్తవ మఠానికి చెందిన సన్యాసులు అక్కడే నది దాటేవారని స్కాట్ ఆ చోటికి అబట్స్‌ఫర్డ్ అని పేరు పెట్టాడు. 'మఠాధిపతి రేవు' అని దాని అర్థం.

మొదట ఆయన ఉన్న ఇంటికే కొన్ని గదులు చేర్చాడు. తరువాత 1822లో పాత ఇంటిని పడగొట్టించి, 1824 నాటికి భవనాన్ని పూర్తిచేయించాడు. విలియం అట్కిన్సన్ ప్రధాన వాస్తుశిల్పి. ఆ కాలంలో ధనవంతులు గ్రీకు, రోమను పద్ధతిలో ఎత్తైన స్తంభాలతో, రెండు వైపులా ఒకే కొలతతో ఇళ్ళు కట్టుకొనేవారు. స్కాట్ అలా చేయలేదు. తన దేశపు పాత కోటల రూపాన్నే ఎంచుకొన్నాడు. అందుకే ఆ భవనానికి చిన్న చిన్న బురుజులు, కోటకొమ్మలు ఉంటాయి. వాలు కప్పును ఆనుకొన్న గోడల అంచులు మెట్లుమెట్లుగా పైకి పోతాయి. ఒక పక్క ఉన్నట్లు మరొక పక్క ఉండదు. ఈ పద్ధతి తరువాత స్కాట్లండులో ఎన్నో భవనాలకు మార్గదర్శకమైంది.

ముఖద్వారం లిన్‌లిత్గో రాజభవనపు ద్వారానికి అనుకరణ. ఎడింబరోలో పాత చెరసాలను 1817లో పడగొట్టినప్పుడు దాని తలుపును తెచ్చి స్కాట్ తన ఇంటి గోడలో అమర్చాడు. ప్రవేశశాలలో కవచాలు, కత్తులు, సరిహద్దు వంశాల చిహ్నాలు కనిపిస్తాయి. గ్రంథాలయపు పైకప్పు అలంకరణకు రాస్లిన్ చాపెల్‌లోని శిల్పాలు ఆధారం. ఇంట్లో ఉన్న పుస్తకాలు సుమారు 9,000. పాతదనాన్ని ప్రేమించినా స్కాట్ కొత్తదనాన్ని కాదనలేదు. గ్యాసు దీపాలు అప్పటికి చాలా అరుదు. వాటిని ముందుగా పెట్టించుకొన్న ఇళ్ళలో ఇది ఒకటి.

ఇంత సొమ్ము ఎక్కడిది? స్కాట్ నవలలకు గొప్ప గిరాకీ ఉండేది. ఇంకా రాయని నవలల మీద కూడా ఆయన ముందే డబ్బు తీసుకొని భూములు కొన్నాడు. 110 ఎకరాలు సుమారు 1,400 ఎకరాలయ్యాయి. 1825లో పెద్దకుమారుని పెళ్ళి చేసి, ఎస్టేటును అతని పేర రాశాడు. మరుసటి సంవత్సరమే పిడుగు పడింది. 1826 జనవరిలో ఆయన పుస్తకాల ప్రచురణకర్తలు, ఆయన భాగస్వామిగా ఉన్న ముద్రణాలయం దివాలా తీశారు. స్కాట్ మీద పడిన అప్పు 1,20,000 పౌన్లకు పైమాటే. ఆ సంవత్సరం మే నెలలోనే భార్య మరణించింది.

దివాలా ప్రకటించి ఆయన చేతులు దులుపుకోవచ్చు. మిత్రులు సాయం చేస్తామన్నారు కూడా. స్కాట్ అంగీకరించలేదు. తన అప్పును తన చేతితోనే, కలంతోనే తీరుస్తానన్నాడు. అప్పటికి ఆయన వయస్సు 54 ఏళ్ళు. నాటినుండి ఎడతెగక రాయడం మొదలుపెట్టాడు. 1827లో నెపోలియన్ జీవిత చరిత్రను తొమ్మిది సంపుటాలుగా వెలువరించాడు. మద్రాసు, మైసూరులు రంగస్థలాలుగా, హైదరాలీ, టిప్పులు పాత్రలుగా ఒక కథను కూడా ఆ సంవత్సరంలోనే రాశాడు. ఆయన మన దేశాన్ని ఎన్నడూ చూడలేదు.

ఆయన శ్రమను చూసి అప్పులవారి మనస్సు కరిగింది. 1830లో వారు ఆయన పుస్తకాలను, ఇంటి సామానును ఆయనకే కానుకగా వదలిపెట్టారు. కాని శరీరం అలసిపోయింది. పక్షవాతం సోకింది. వైద్యుల సలహా మీద ఇటలీ వెళ్ళినా, తన ఇంటికే తిరిగి రావాలని పట్టుబట్టాడు. 1832 సెప్టెంబరు 21న, ట్వీడ్ నదికి ఎదురుగా ఉన్న భోజనశాలలో, తెరచిన కిటికీలోంచి నీటి సవ్వడి వినిపిస్తుండగా ఆయన కన్నుమూశాడు. అప్పులో చాలా భాగం అప్పటికే తీరింది. మిగిలినదాన్ని ఆయన గ్రంథాల రాబడే తీర్చింది.

1833లోనే ఆ ఇంటిని చూడడానికి ప్రజలను అనుమతించారు. స్కాట్ వంశీయులు 2004 వరకు అక్కడ నివసించారు. తరువాత ఒక ట్రస్టు ఆ ఇంటి సంరక్షణను చేపట్టింది. మరమ్మతులు ముగిశాక 2013లో రెండవ ఎలిజబెత్ రాణి దానిని తిరిగి ప్రారంభించింది.

అబట్స్‌ఫర్డ్ రాతితో కట్టిన ఇల్లే. కాని అంతకు ముందే ఒక కుంటి పిల్లవాడు విన్న పాటలలో దానికి పునాది పడింది. రాజధానికి దూరంగా, సరిహద్దులో బతికేవారి నోళ్ళలో భాషా సంపద ఎంత దాగి ఉంటుందో ఆ ఇల్లు చెబుతుంది. మీ అమ్మమ్మ, నాయనమ్మ పాడే పాటలను మీరు ఎప్పుడైనా రాసి పెట్టుకొన్నారా?

పదాలు – అర్థాలు

అవిటి = అంగవైకల్యం కల
కైఫియత్తు = గ్రామచరిత్ర తెలిపే వ్రాత
రేవు = నదిలో దిగడానికి, దాటడానికి వీలైన చోటు
కోటకొమ్మ = కోటగోడపై ఎత్తుగా కట్టిన భాగం
సవ్వడి = చప్పుడు

ప్రశ్నలు

1. అబట్స్‌ఫర్డ్ అనే పేరు ఎలా వచ్చింది?
2. స్కాట్ ఇంటి నిర్మాణం ఆ కాలపు ధనవంతుల ఇళ్ళకంటే ఏ విధంగా భిన్నమైనది?
3. స్కాట్ అప్పులపాలు కావడానికి ఆయన పొరపాటు ఎంతవరకు కారణం? మీ అభిప్రాయం రాయండి.
4. 'చేతులు దులుపుకోవడం', 'పిడుగు పడడం' – ఈ జాతీయాలను సొంత వాక్యాలలో ప్రయోగించండి.
5. మీ ఇంట్లో పెద్దలు పాడే తెలుగు పాట నొకదానిని అడిగి రాసుకొని, తరగతిలో చదివి వినిపించండి.