వేళ్లు చూసిన సింహం

పిల్లలూ! మ్యూజియంలో అడుగు పెట్టగానే మీకు కనబడే మాట ఏది? "వస్తువులను తాకరాదు" అని, అవునా? మరి చూపు లేని పిల్లల బృందం ఒకటి వచ్చిందనుకోండి. వాళ్లు గాజు బీరువాల ముందు నిలబడి ఏం తెలుసుకోవాలి?

ఇంగ్లండులోని సండర్లాండ్ మ్యూజియంలో చార్ల్‌టన్ డీస్ అనే అధికారి ఉండేవాడు. 1906-1913 సంవత్సరాల మధ్య ఆయన ఆ ఊరి అంధుల పాఠశాల పిల్లలను పిలిపించి, వస్తువులను తడిమి చూడమన్నాడు. తరవాత పెద్దవాళ్లనూ పిలిచాడు. ఆ పిల్లలు తడిమినవాటిలో ఒక సింహం కూడా ఉంది! కంగారుపడకండి. అది ఎప్పుడో చనిపోయింది. దాని చర్మాన్ని సింహం ఆకారంలో నిలబెట్టారు, అంతే. అయినా నిజమైన సింహం జూలును మనలో ఎంతమంది పట్టుకుని చూశాం?

వేళ్లతో చూడటమేమిటి అంటారా? ఒక ప్రయోగం చేయండి. మొనలు మొద్దుగా ఉన్న తీగను వంచి, రెండు కొసల మధ్య 3 మిల్లీమీటర్ల ఎడం ఉంచండి. మీ స్నేహితుణ్ణి కళ్లు మూసుకోమని, రెండు కొసలనూ ఒకేసారి అతని వేలికొసకు మెల్లగా ఆనించండి. "రెండు" అంటాడు. అదే తీగను ముంజేతికి ఆనించండి. "ఒకటే" అంటాడు! స్పర్శను మెదడుకు తెలియజేసే నాడుల కొసలు వేలి చివర కిక్కిరిసి ఉంటాయి, ముంజేతిలో పలచగా ఉంటాయి. బ్రెయిలీ లిపిలో చుక్కల మధ్య ఎడం సుమారు రెండున్నర మిల్లీమీటర్లే. వేలు చదవగలిగే కొలత అది.

అయితే కన్ను సింహాన్ని ఒక్క చూపులో పట్టేస్తుంది. వేలు అలా కాదు. ముందు ముక్కు, తరవాత చెవి, ఆ తరవాత వీపు... ముక్కముక్కగా తెలుసుకుని మనసులో అతకాలి. అందుకే నలభైమందిని ఒక్కసారిగా సింహం మీదికి వదిలితే ఎవరికీ తోక తప్ప దొరకదు! నలుగురైదుగురు చొప్పున, కొద్ది వస్తువులే, తీరుబడిగా చూపించాలి.

మరి తాకవద్దని ఎందుకంటారు? అది అధికారుల మొండితనమేమీ కాదు. మన చేతి చెమటలో ఉప్పు ఉంటుంది, చర్మం మీద జిడ్డు ఉంటుంది. ఉప్పు లోహాన్ని తినేస్తుంది. పాత గుళ్లో నంది వీపు చూడండి, వేల చేతులు తగిలి ఎలా నున్నబడిందో! అందువల్ల అరుదైన వస్తువులకు నకళ్లు చేయిస్తారు. ఢిల్లీలోని జాతీయ మ్యూజియంలో 2015లో తెరిచిన "అనుభవ్" గదిలో ఇలాంటి నకళ్లను, బ్రెయిలీ వివరాలతో తాకడానికే ఉంచారు.

నకలు చేయడంలోనూ ఒక చిక్కుంది. కంచు విగ్రహానికి సున్నపు ముద్దతో నకలు చేసి కంచు రంగు పూస్తే కన్ను మోసపోతుంది, వేలు మోసపోదు. లోహం వేలిలోని వేడిని చప్పున లాగేసుకుంటుంది కాబట్టి చల్లగా తగులుతుంది; సున్నపు ముద్ద అంత చల్లగా ఉండదు, బరువూ తక్కువే. నా మట్టుకు నేను, నాసిరకం నకళ్లు పది కన్నా నిజమైన కంచు గంట ఒకటి చేతికివ్వడం మేలంటాను.

బృందంలో చక్రాల కుర్చీ పిల్లవాడు ఉంటే? మూడే మెట్లు కదా అనుకుంటాం. మెట్టు 15 సెంటీమీటర్లయితే మొత్తం ఎత్తు 45. ఎత్తుకు 12 రెట్ల పొడవు వాలుబాట ఉండాలని సాధారణంగా లెక్క. అంటే 5 మీటర్ల 40 సెంటీమీటర్లు! బడి పిల్లలు గుమ్మం ముందుకు వచ్చాక అంత బాట వేయడం ఎవరి తరమూ కాదు. అది లేకపోతే ఆ పిల్లవాడు వరండాలో కూర్చుని, లోపలి నుంచి వచ్చే స్నేహితుల కేకలు వింటూ ఉండిపోవలసిందే. అందుకే మీ తరగతి మ్యూజియంకు బయలుదేరే ముందు మాస్టారి చేత ఒక ఉత్తరం రాయించండి: ఎంతమంది వస్తున్నారు, చూపు లేనివారెందరు, వినబడనివారెందరు, చక్రాల కుర్చీలెన్ని, ఏ గుమ్మానికి వాలుబాట ఉంది, ఏయే వస్తువులు తాకనిస్తారు.