ఇయర్ 6 తల్లిదండ్రులకు: బడి పేరు కన్నా ముందు బిడ్డ స్వభావం

దసరా, దీపావళి పనుల మధ్యలోనే ఇంగ్లండ్‌లో ఇయర్ 6 పిల్లలున్న ఇళ్ళకు ఇంకో గడువు ఉంటుంది. సెకండరీ స్కూల్ దరఖాస్తు అక్టోబర్ 31లోగా కౌన్సిల్‌కు చేరాలి. ప్రసాదం తీసుకుంటూ మనం మాట్లాడుకునేదీ ఇదే: "గ్రామర్ పరీక్ష రాయించారా?", "ఆ బడిలో మనవాళ్ళు ఎంతమంది?" వీటితో పాటు "మా బిడ్డకు ఏ బడి నప్పుతుంది?" అని కూడా అడుగుదాం. కనీసం ఐదేళ్ళు రోజూ అక్కడికి వెళ్ళాల్సింది బిడ్డే కదా.

ఫారంలో వరుస ఎలా పనిచేస్తుంది?

నచ్చిన బడిని మొదట రాసి, అక్కడ రాకపోతే రెండోది కూడా చేజారుతుందేమోనని చాలామంది భయపడతారు. అలా జరగదు. మీరు ఎన్నో స్థానంలో రాశారన్నది చూసి బడి చోటు ఇవ్వకూడదు. దూరం, అక్కడ చదువుతున్న అన్నా అక్కా, గ్రామర్ స్కూల్ అయితే పరీక్ష ఫలితం, ఇలా తన నియమాల ప్రకారమే చూస్తుంది.

ఉదాహరణకు మూడు బడులు రాశారనుకుందాం. మొదటిదానిలో చోటు రాలేదు, మిగిలిన రెండింటిలో వచ్చింది. అప్పుడు మీ వరుసలో పైనున్న రెండోదే ఇస్తారు. మొదటిది రాసినందుకు నష్టమేమీ లేదు.

ఒక్క బడి పేరే రాస్తే అవకాశం పెరగదు. రాసినవాటిలో ఏదీ రాకపోతే ఖాళీ ఉన్న వేరే బడికి పంపవచ్చు. ఎక్కడైనా కనీసం మూడు, లండన్‌లో ఆరు బడుల దాకా రాయవచ్చు. చోటు దాదాపు ఖాయమనిపించే దగ్గరి బడిని చివర్లోనైనా ఉంచండి.

బిడ్డను బట్టి ఏం అడగాలి?

1. నెమ్మదిగా కలిసే పిల్లలు: ఇయర్ 7లో ఎంతమంది ఉంటారు? మధ్యాహ్నం లైబ్రరీ తెరిచి ఉంటుందా? ఇబ్బంది వస్తే ఎవరికి చెప్పుకోవాలి?

2. పోటీ అంటే ఉత్సాహపడే పిల్లలు: వీరికి గ్రామర్ స్కూల్ బాగా కుదరవచ్చు. తరగతిలో ఎప్పుడూ ముందుండే బిడ్డ అక్కడ మధ్యలో ఉంటే ఎలా తీసుకుంటుందో కూడా ఆలోచించండి. ఒకరికి అది పట్టుదల పెంచుతుంది, ఇంకొకరికి ఉన్న ధైర్యం పోగొడుతుంది.

3. ఆటలు, సంగీతం, చేతిపనితో హుషారయ్యే పిల్లలు: వారానికి ఎన్ని పీరియడ్లు? క్లబ్బుల్లో అందరికీ చోటుంటుందా, ఎంపికైనవారికేనా?

4. త్వరగా అలసిపోయే పిల్లలు: బడి వేళకు, అదే బస్సులో ఒకసారి బిడ్డతో వెళ్ళి చూడండి. రెండు బస్సులు మారి ఇంటికొచ్చాక హోంవర్క్‌కు ఓపిక మిగులుతుందా?

ఓపెన్ ఈవెనింగ్ రోజు ఏ బడైనా ముస్తాబై ఉంటుంది. వీలైతే మామూలు పనిరోజున చూపించమని అడగండి. ఆఫ్‌స్టెడ్ 2024 సెప్టెంబరు నుంచి ప్రభుత్వ బడులకు మొత్తంగా ఒకే మాటలో గ్రేడు ఇవ్వడం మానేసింది, కాబట్టి నివేదిక లోపలి భాగాలు చదవండి.

చివరిగా, ఫారం పంపే ముందు బిడ్డను విడిగా కూర్చోబెట్టి వరుస చెప్పమనండి. "ఎందుకు?" అని కూడా అడగండి. స్నేహితుడు వెళ్తున్నాడన్న కారణం ఒక్కటే అయితే ఇంకొంచెం మాట్లాడండి. అక్కకు సరిపోయిన బడి తమ్ముడికీ సరిపోవాలని లేదు. ఫలితాలు మార్చి 1న వస్తాయి, ఆ రోజు సెలవైతే తర్వాతి పనిరోజున. ఏ బడి వచ్చినా, మనవాళ్ళ పిల్లలతో పోల్చే మాట మాత్రం బిడ్డ చెవిన పడనివ్వకండి.