పులస చేపను గూర్చి ఒక పాఠము

గోదావరి ప్రక్కన పుట్టి పెరిగిన మన విద్యార్థులకు పులస పేరు తెలియనిది కాదు. అయినను పేరు తెలిసినంతమాత్రమున ఆ జీవి సంగతి తెలిసినట్లు కాదని గడచిన వర్షాకాలమున మాకు బోధపడినది. ఆ బోధ గ్రంథాలయమున కలిగినది కాదు. నరసాపురము రేవునకు కొంత దిగువను, వసిష్ఠ గోదావరిలో, మిత్రుని పడవమీద అన్నమునకు కూర్చున్నప్పుడు కలిగినది. కాబట్టి ఈ పాఠమును ఆ పడవనుండియే ఆరంభింతుము.

ఆ మిత్రుడు మాతోకూడ ఐదవ తరగతివఱకు ఒకే బల్లమీద కూర్చుండి చదివినవాడు. తరువాత అతడు తండ్రివెంట వలకు పోయెను. మేము ఉపాధ్యాయ శిక్షణ కళాశాలకు పోయితిమి. బాల్యమున మమ్ము పేరుపెట్టి పిలిచినవాడే, ఇప్పుడు మా పిల్లలయెదుట "మేష్టారూ" అనును. ఎన్నిమారులు వలదన్నను మానడు. జూలై చివరివారమున అతడు మా యింటికి వచ్చి, "ఎర్రనీరు వచ్చింది మేష్టారూ. శనివారం బడి లేదు గదా, అమ్మగారినీ పిల్లల్నీ తీసుకుని రండి. భోజనం పడవలోనే" అని చెప్పి, మా యుత్తరమునకై నిలువకయే పోయెను.

శనివారము తెల్లవారుసరికి రేవున నుంటిమి. సఖినేటిపల్లికి పోవు పంటు ఇంకను కదలలేదు. పిల్లలిద్దరికిని తేలుడు చొక్కాలు తొడిగి, ముడులు తన చేతితో లాగి చూచిన తరువాతనే మిత్రుడు వారిని పడవ యెక్కనిచ్చెను. ఏటిలో అన్నను పోగొట్టుకొన్నవాడు గనుక ఆ విషయమున అతడు పరిహాసమునకు తావియ్యడు. అతని భార్య అంతకుముందే పడవ వెనుకభాగమున ఇసుక పఱచి, దానిమీద పొయ్యి అమర్చి, చింతపండు నానవేసి యుండెను. "చేప పడకపోతేనో వదినా?" అని మా యింటివారు అడుగగా, "పడకపోతే చారు కాస్తానండీ" అని ఆమె నవ్వెను.

ఎఱ్ఱనీరనగా నేమో మొదట చెప్పవలెను. నాసికము దగ్గఱి త్ర్యంబకమున పుట్టిన గోదావరి 1,465 కిలోమీటర్లు ప్రవహించి సముద్రమున కలియుచున్నది. త్రోవలో ప్రాణహిత, ఇంద్రావతి, శబరి మొదలైన ఉపనదులు దీనిలో చేరును. జూన్, జూలై మాసములలో ఆ ప్రదేశముల యడవులలోను పొలములలోను వాన కురిసినప్పుడు మన్ను కొట్టుకొనివచ్చి, నీరు ఇటుక రంగుగా మాఱును. ఆ మంచినీటి వెల్లువ సముద్రపు టుప్పును వెనుకకు నెట్టును. సముద్రములో తిరుగు ఇలస చేపకు అదియే పిలుపు. అది ప్రవాహమున కెదురీదుచు ఏటిలోనికి వచ్చును. సముద్రమున దొరికినప్పుడు ఇలస యనియు, ఏటిలో దొరికినప్పుడు పులస యనియు మనవారు చెప్పుదురు. పేరులు రెండు, చేప ఒకటే. ఇవి రెండు జాతులని మేము చాలకాలము తరగతిలో చెప్పియుంటిమి. ఆ కాలపు విద్యార్థులు ఈ పుటను చూచినయెడల ఆ తప్పును దిద్దుకొందురుగాక. హామిల్టను అను వైద్యుడు గంగానదిలోని చేపలను గూర్చి 1822లో ప్రకటించిన గ్రంథమున దీనిని శాస్త్రరీతిగా వర్ణించెను. నేటి శాస్త్రజ్ఞులు దీనిని తెన్యులోసా ఇలీషా అందురు. వంగదేశమువారు ఇలిష్ అని పిలిచి, మనకంటెను మిక్కిలిగా ప్రేమించు చేప ఇదియే.

మిత్రుడు గంగమ్మకు మ్రొక్కి వల విడిచెను. అది నీటిలో గోడవలె నిలుచు వల. పై యంచున బెండ్లు, క్రింది యంచున బరువులు కట్టియుండును. పడవయు వలయు కలిసి ప్రవాహముతో దిగువకు సాగుచుండగా, ఎదురుగా వచ్చు చేప వల కన్నులో తల దూర్చును. నడుము లావుగా నుండుటచే ముందుకు పోలేదు. మొప్పలు దారమునకు తగులుకొనుటచే వెనుకకు రాలేదు. కన్ను పెద్దదైన చిన్న చేపలు తప్పించుకొనును. కన్ను చిన్నదైన ఏదియు తప్పించుకొనదు. ఇంత చిన్న సంగతిమీద ఒక యేటి భవిష్యత్తు ఆధారపడియున్నది.

మొదటి విడుపులో గుఱ్ఱపుడెక్కయు ప్లాస్టిక్ సంచులును వచ్చెను. రెండవదానిలో నాలుగు జెల్లలు. మూడవమారు వల లాగుచు మిత్రుడు హఠాత్తుగా మాటలాడుట మానెను. నీటినుండి వెండిరేకువంటిదొకటి పైకి వచ్చి, రెండుమూడు మారులు కొట్టుకొని నిలిచిపోయెను. పులస నీరు విడిచిన తరువాత ఎక్కువసేపు బ్రతుకదు. తూకము వేయగా ఒకటింబావు కిలో తూగెను. ఆ వారమున అతనికి దొరికిన మొదటి పులస అదియే.

ఇంతలో అతని జేబులోని ఫోను మ్రోగెను. రేవునుండి వర్తకుడు. చేప పడిన వార్త ప్రక్కపడవనుండి అప్పుడే అతనికి చేరినది! పులస కొఱత యైన ఈ యేండ్లలో మంచి చేప ఒకటి పదివేల రూపాయలకు మించియు పలికిన దినములు కలవు. పుస్తెలమ్మియైనను పులస తినవలెనని సామెత. అది ఇల్లాలి నడుగక పురుషుడొకడు చెప్పిన సామెత యని మా యభిప్రాయము. మేము మిత్రునితో, "అమ్మివేయుము. మాకు జెల్లల పులుసు చాలును" అంటిమి. మా యింటివారును బ్రతిమాలిరి. అతడు ఫోను జేబులో పెట్టుకొని, "డబ్బు చేపలు రేపు పడతాయి మేష్టారూ. మీరు రేపు రారు" అనెను. ఆ మాటకు మేమేమి బదులు చెప్పగలము?

అతని భార్య చేపను కోయగా లోపల రెండుప్రక్కల నిండుగా జన యుండెను. "జన చేపండీ!" అని ఆమె సంతోషముతో మాకు చూపెను. నాలుగవ తరగతి చదువుచున్న మా చిన్నది దానిని చాలసేపు చూచి, "నాన్నగారూ, గుడ్లు పెట్టుకోడానికే వస్తోందా ఇది? మనం మధ్యలో పట్టేశామా?" అని యడిగెను.

పడవలో ఎవరును మాటలాడలేదు. మిత్రుడు నీటివంక చూచెను. మేమును ఉపాధ్యాయులమైయుండి నీటివంకనే చూచితిమి.

ఆ ప్రశ్నకు ఉత్తరము అవుననియే. ఇలస సముద్రమున పెరిగినను, గుడ్లు పెట్టుటకు మంచినీటికి రావలసినదే. అందుకే ముందుగా దేహమున క్రొవ్వు నిలువచేసికొనును. దాని రుచికి ఆ క్రొవ్వే ముఖ్యకారణము. ఏటిలో విడువబడిన గుడ్లు సుమారొక దినములో పిగులును. పిల్లలు కొన్ని మాసములు ఏటిలో సూక్ష్మజీవులను తిని పెరిగి, సముద్రమునకు దిగిపోవును. ఒకటి రెండు సంవత్సరములకు అవియు పెద్దవై, ఎఱ్ఱనీరు వచ్చినప్పుడు మరల ఏటి మొగము పట్టును. తొమ్మిదవ తరగతిలోనున్న మా పెద్దవాడు గుడ్లెన్నియో తెలిసికొనగోరి, చిటికెడు జనను అరిటాకు ముక్కమీద పఱచి లెక్కింప మొదలిడి, మూడువందలు దాటునప్పటికి విసిగెను. దీనికి మార్గమున్నది. జన మొత్తమును తూచి, అందులో ఒక గ్రామును వేఱుచేసి దానిలోని గుడ్లను మాత్రము లెక్కించి, గుణింపవలెను. అట్లు లెక్కించిన శాస్త్రజ్ఞులు, చేప పరిమాణమునుబట్టి ఒక లక్షనుండి ఇరువది లక్షలవఱకు గుడ్లుండునని కనుగొనిరి. వానిలో పెద్దచేపలగునవి మిగుల కొద్ది. ఆ కొద్దికొఱకే అన్ని లక్షలు.

మట్టిదాకలో పులుసు సన్నని సెగమీద రెండు గంటలు ఉడికెను. చింతపండు పులుసు, ఉల్లి, పచ్చిమిరప, బెండకాయలు, ఆవకాయమీది నూనె, చివర కొంచెము వెన్న. గరిటె పెట్టరాదు, దాకను రెండుచేతులతో పట్టి త్రిప్పవలెను. పులసకు ముండ్లు మిక్కుటము, సన్నము. పులుపులో చాలసేపు ఉడుకుటచే అవి మెత్తబడునని ఆమె చెప్పెను. మఱునాటికి ఇంకను బాగుండునట. అది ఓపిక గలవారి మాట. మేము ప్రార్థన చేయువఱకు మిత్రుడు చేయి కడుగుకొని ఊరకుండెను. పిమ్మట అందఱము ఒకే వరుసగా కూర్చుంటిమి. చిన్నది మొదట అన్నములో మజ్జిగ పోయించుకొన్నది. కొంతసేపటికి ఒక ముక్క అడిగి పెట్టించుకొన్నది. జన మాత్రము ముట్టలేదు.

మా యింటివారు అప్పుడు ద్వితీయోపదేశకాండము 22వ అధ్యాయమును జ్ఞాపకము చేసిరి. త్రోవలో పక్షిగూడు కనబడినయెడల పిల్లలతో తల్లినికూడ పట్టుకొనరాదని అక్కడ ఆజ్ఞ యున్నది. పక్షిని గూర్చి చెప్పినది చేపకు వర్తించునా యని మా పెద్దవాడు వాదమునకు దిగెను. మిత్రుడు బైబిలు చదివినవాడు కాడు గాని, సంగతి వెంటనే గ్రహించి యిట్లనెను: "నిజమే మేష్టారూ. కానీ నేనొక్కణ్ణీ మానేస్తే పక్కవాడు పడతాడు. అందరం ఒక్కసారి మానితేనే మానినట్టు. ఆ రోజులకి మా పొయ్యిమీదకి ఏముందో కూడా చెప్పాలి గదండీ."

మేము తరగతిలో ఇంతకంటె స్పష్టముగా ఈ విషయమును చెప్పజాలము. బంగ్లాదేశమున అందఱును ఒక్కసారి మానుచున్నారు. ఆశ్వయుజ పౌర్ణమి ప్రాంతమున ఇలస గుడ్లు పరిపక్వమగునని లెక్కలవలన తెలిసికొని, అక్టోబరు మాసమున 22 దినములు ఆ చేపను పట్టుట, అమ్ముట, తరలించుట నిషేధించి, జాలరి కుటుంబములకు బియ్యము పంచుదురు. చిన్న ఇలసలను పట్టుటకును వేఱే నిషేధము కలదు. మన తూర్పు సముద్రమునందు ఏప్రిల్ 15 నుండి జూన్ 14 వఱకు యాంత్రిక నావలతో వేట నిషిద్ధము. అది మంచి నియమమే. కాని పులస ఏటి మొగము పట్టునది ఆ దినములు గడచిన తరువాత.

వలలు మాత్రమే కారణమనుట న్యాయము కాదు. ధవళేశ్వరము వద్ద ఆనకట్ట 1847లో ఆరంభమై 1852లో ముగిసెను. 1830 ప్రాంతపు కరవులచేతను, 1839 నాటి ఉప్పెనచేతను చితికిపోయిన సీమకు ఆర్థరు కాటను దొర దానివలన అన్నము పెట్టెను. సుమారు పది లక్షల ఎకరములకు ఆ నీరు పాఱుచున్నది. పాతదాని స్థానమున నేడు బారేజి యున్నది. అయితే ఆనకట్టకు పూర్వము ఎగువకు పోవు చేపకు అడ్డు లేకుండెను. తరువాత ధవళేశ్వరమే దానికి ప్రధానమైన అడ్డుగోడ. సాల్మను చేపవలె ఎగిరి దుముకు స్వభావము పులసకు లేదు. గంగానదిలోను ఇట్లే జరిగెను. ఒకప్పుడు అలహాబాదువఱకును అంతకు పైకిని పోయిన ఇలస, 1975లో ఫరక్కా బారేజి వచ్చిన తరువాత ఎగువను మిక్కిలి తగ్గిపోయెను. ఇప్పుడు అక్కడ శాస్త్రజ్ఞులు దిగువను పట్టిన చేపలను బారేజికి పైన విడుచుచున్నారు. ఆ మధ్యాహ్నము మా యాకులోని అన్నము ఆనకట్ట నీటితో పండినది. పులుసులోని చేప ఆ యానకట్టవైపు పోవుచుండినది. మేము కాటను దొర యెడల కృతజ్ఞత గలవారమే. ఆ కృతజ్ఞత ఈ లెక్కను దాచవలసినంతటిది కానక్కఱలేదు.

తిరిగి వచ్చునప్పుడు పోటు నీరు ఎక్కుచుండెను. చిన్నది నిద్రపోయెను. మాకు యోహాను సువార్త కడపటి అధ్యాయము తలపునకు వచ్చెను. తిబెరియ సముద్రతీరమున ప్రభువు నిప్పులమీద చేపను సిద్ధపఱచి శిష్యులకు భోజనము పెట్టిన ఆ యుదయమున, వలలోని చేపలు 153 అని వ్రాయబడియున్నది. ఎన్నియో మారులు చదివితిమి గాని, అట్టి గడియలోకూడ చేపలను లెక్కపెట్టిన జాలరి బుద్ధిని ఆ దినముననే గమనించితిమి.

కాబట్టి మన పాఠశాలలో ఒక పుస్తకము తెఱచితిమి. ఏటియొడ్డు గ్రామములనుండి వచ్చు విద్యార్థులు, ఎఱ్ఱనీరు వచ్చినదినము మొదలు దీపావళివఱకు, తమ యింటివారికిగాని పొరుగువారికిగాని దొరికిన ప్రతి పులసను గూర్చి తేది, స్థలము, తూకము, వల కన్ను కొలత, జన కలదో లేదో వ్రాసి తేవలెను. ఒడిస్సానుండియు వంగదేశమునుండియు మంచుపెట్టెలలో వచ్చి పులస పేరున అమ్ముడగు చేపలను ఇందులో చేర్పరాదు. పేరు వ్రాయనక్కఱలేదు, పట్టినవారిని తప్పుపట్టుటకు ఈ పుస్తకము కాదు. జన నిండిన చేపలు ఏ దినములలో హెచ్చుగా వచ్చుచున్నవో నాలుగైదేండ్ల లెక్క తేలినయెడల, దానిని తీసికొని మత్స్యశాఖవారియొద్దకు పోవుటకు మిత్రుడును మాతో వచ్చెదననెను. మొదటి పంక్తి అతడు చెప్పగా మా చిన్నది వ్రాసినది: జూలై, చివరి శనివారము, నరసాపురము దిగువ, ఒకటింబావు కిలో, జన కలదు, తింటిమి.