సగం మునిగిన పంకా

2018 నవంబరు 16 నుంచి 18 వరకు విజయవాడ పున్నమి ఘాట్ దగ్గర కృష్ణలో ఫార్ములా వన్ పవర్‌బోట్ పందేలు జరిగాయి. అమరావతి పేరు పెట్టుకున్న జట్టు కూడా బరిలో ఉంది. పడవల వెనక నిలువెత్తున లేచిన నీటితోకను చూసి అందరూ కేరింతలు కొట్టారు. ఆ తోక పుట్టేచోట ప్రొపెల్లరు, అంటే పడవ పంకా, సగం నీళ్లలో, సగం గాలిలో తిరుగుతుంటుంది. మామూలుగా పంకా నీటిపైకి తేలి ఇంజను ఒక్కసారిగా అరిస్తే, మన పడవవాళ్లు చప్పున కిందికి దించుతారు. ఇక్కడ కావాలనే తేల్చారు. అదెలా పనిచేస్తుందో ఒక పరుగు వెంట వెళ్లి చూద్దాం.

మొదట బిగింపు. పందెం పడవకు వెనక వేలాడేది ఔట్‌బోర్డ్ ఇంజను. అది రెండున్నర లీటర్ల వీ6, సుమారు 400 హార్స్‌పవర్. పెద్ద స్పీడు పడవల్లో ఇంజను లోపలే ఉంటుంది. షాఫ్టు వెనక గోడలోంచి తిన్నగా బయటికొస్తుంది. సర్ఫేస్ డ్రైవ్ అనేది దీన్నే. అమెరికాకు చెందిన హోవార్డ్ ఆర్నెసన్ పేరుతో వచ్చిన డ్రైవ్ ఇందులో బాగా పేరు పడింది. షాఫ్టు గోడను దాటేచోట బంతిలాంటి కీలు ఉంటుంది. ఒక హైడ్రాలిక్ సిలిండరు షాఫ్టును పైకీ కిందికీ, ఇంకొకటి పక్కలకూ కదుపుతుంది. పంకానే పక్కకు తిరుగుతుంది కాబట్టి వేరే చుక్కాని అక్కర్లేదు.

ఎత్తు కుదర్చడంలోనే పనితనమంతా ఉంది. పడవ అడుగుకు ఒక తిన్నని బద్దను ఆనించి వెనక్కి చాచి, షాఫ్టు నడిమధ్య ఆ బద్ద గీతకు ఎంత పైన ఉందో, ఎంత కింద ఉందో కొలుస్తారు. పడవ వేగంగా పోయేటప్పుడు వెనక గోడ అడుగంచు నుంచి నీళ్లు కోసినట్టు తెగి, దాదాపు ఆ గీత వెంటే వెనక్కి జారతాయి. షాఫ్టు ఆ నీటి మట్టానికి దగ్గరగా ఉంటే కింది రెక్కలు మునుగుతాయి, పై రెక్కలు తేలతాయి.

ఇక బయల్దేరడం. ఇదే కష్టమైన ఘట్టం. పడవ ఆగి ఉన్నప్పుడు పంకా మొత్తం మునిగే ఉంటుంది. వేగానికి తగ్గట్టు చేసిన ఆ పెద్ద పంకాను నిండు నీళ్లలో తిప్పలేక ఇంజను నీరసిస్తుంది. అందుకే చాలా పడవల్లో గొట్టాలతో గాలినో, ఇంజను పొగనో పంకా ముందుకు వదులుతారు. రెక్కలు కాస్త జారతాయి, ఇంజను ఊపు అందుకుంటుంది, పడవ ముక్కు లేచి మళ్లీ సర్దుకుని నీటి మీద పరుచుకుంటుంది. పందెం పడవ ఖాళీ బరువు సుమారు 390 కిలోలే కాబట్టి దానికి ఈ అవస్థ తక్కువ.

ఇప్పుడు ఒక్క రెక్కను పట్టుకుని చూడండి. పంకా నిమిషానికి 3000 చుట్లు తిరిగితే ఆ రెక్క సెకనుకు 50 సార్లు నీళ్లలోకి దూకుతుంది. దూకిన ప్రతిసారీ లోపల ఉండేది సెకనులో నూరోవంతు. మామూలు పంకా ఇంత వేగంగా తిరిగితే రెక్క వీపు వైపు పీడనం బాగా పడిపోతుంది. వాతావరణ పీడనంలో దాదాపు ఇరవై నాలుగోవంతు కన్నా తగ్గితే 30 డిగ్రీల నీళ్లు కూడా మరుగుతాయి. ఆ ఆవిరి బుడగలు పక్కనే పగిలి లోహాన్ని చిల్లులు పడేలా కొరికేస్తాయి. సగం తేలిన పంకాలో రెక్క పైనుంచి గాలిని వెంటబెట్టుకుని దిగుతుంది. వీపు వైపు గాలి పొర నిలుస్తుంది, బుడగల దెబ్బ ఉండదు. తోసే పనంతా రెక్క ముఖం చేస్తుంది. అందుకే రెక్క అడ్డకోత గొడ్డలిలా ఉంటుంది: నీటిని చీల్చే అంచు పదును, వెనక అంచు మొద్దు. ఇంకో లాభం, షాఫ్టూ దాని బ్రాకెట్లూ నీళ్లలో ఈడ్చుకుపోవు. వేగం పెరిగేకొద్దీ ఇదే పెద్ద ఆదా అని నాకనిపిస్తుంది.

దీనికో చిక్కుంది. కింది సగమే నీటిని నెడుతుంది కాబట్టి పంకా చక్రంలా పక్కకూ లాగుతుంది. వెనకనుంచి చూస్తే గడియారం దిశలో తిరిగే పంకా పడవ వెనక భాగాన్ని కుడికి జరుపుతుంది. రెండు పంకాలుంటే ఒకదానికొకటి ఎదురు తిప్పి సరిచేస్తారు. ఒక్కటే అయితే నడిపేవాడి చేయి స్టీరింగును ఎప్పుడూ సరిదిద్దుతూనే ఉండాలి.

వేగం అందాక ట్రిమ్, అంటే షాఫ్టు ఎత్తు సర్దడం. షాఫ్టును కొంచెం లేపితే మునక తగ్గి ఇంజను తేలికపడుతుంది. మరీ లేపితే పట్టు పోయి ఉత్త అరుపే మిగులుతుంది. మలుపులో మళ్లీ దించాలి.

ఇదంతా నిలకడ నీళ్లుంటేనే. పున్నమి ఘాట్ దగ్గర ఆ నిలకడ 1957లో పూర్తయిన ప్రకాశం బ్యారేజీ ఇచ్చింది. దిగువన బందరు కాలువలో ఇలాంటి పడవ పనికిరాదు, దాని అల కట్టలను కోసేస్తుంది. నిదానంగా నడిచే భవానీ ద్వీపం పడవలకూ ఈ అమరిక దండగే. గుర్రపుడెక్క తీగ ఒక్కటి చుట్టుకున్నా పంకా తూకం తప్పి పడవంతా వణుకుతుంది.

చివరికి ఒడ్డు. వెనక్కి నడపడంలో ఈ పంకా చాలా బలహీనం. రెక్క ముందుకు తోయడానికే పుట్టింది, పైగా వెనక్కి తిప్పితే నీళ్లు పడవ గోడకే కొడతాయి. పందెం పడవకైతే అసలు బ్రేకూ లేదు, గేరూ లేదు. దాన్ని క్రేనుతో పైకి ఎత్తుతారు. నీళ్లు ఇంకా కారుతుండగానే మెకానిక్ రెక్క పదునంచు మీద గోరుతో మెల్లగా రాసి చూస్తాడు. ఎక్కడైనా గోరు తట్టిందంటే ఆ పంకాను విప్పాల్సిందే.