సాలెపురుగు కోసం ఏడవకూడదా?

సమస్య: నాకు 34 ఏళ్లు. మాది తాడిపత్రి. పెళ్లయ్యాక డాలస్ పక్కన ఇర్వింగ్‌లో ఉంటున్నాం. పిల్లలు లేరు. ఎమ్మెస్ చదివే రోజుల్లో గోరంత మెక్సికన్ రెడ్‌నీ టరాంటులా సాలెపురుగు పిల్లను తెచ్చి పెంచాను. ఆడది. తర్వాత మా వైపు ఊరి పేరున్నదని గుత్తి నీలి సాలెపురుగును కూడా తెచ్చుకున్నాను. నేను ఆఫీసు పని మీద ఊరెళ్లినప్పుడు, బొద్దింకలు ఎక్కువయ్యాయని మావారు నాకు చెప్పకుండా ఇల్లంతా మందు కొట్టించారు. వచ్చేసరికి గుత్తిది పోయింది. రెడ్‌నీ కాళ్లు వణుకుతూ నీళ్ల గిన్నె పక్కన పడి ఉంది. మర్నాటికి కాళ్లు ముడుచుకుపోయింది. ‘వయసైపోయి ఉంటుందిలే’ అంటున్నారు మావారు. ఇండియా నుంచి వచ్చిన అత్తయ్యగారు వారం తిరక్కముందే రెడ్‌నీ డబ్బా కడిగి ఉల్లిపాయలు పోశారు. ‘పిల్లలుంటే ఈ పిచ్చి ఉండేది కాదు’ అని ఆమె ఫోన్లో ఎవరితోనో అనడం విన్నాను. పురుగు కోసం ఇంత ఏడుస్తున్నానంటే నాకేమైనా జబ్బా?

– ఒక సోదరి, టెక్సాస్

సలహా: జబ్బు కాదమ్మా. మీ ఉత్తరంలో ఆ ఉల్లిపాయల మాట దగ్గర ఆగిపోయాను. ముందు వాటిని పారేయండి, మందు పడిన డబ్బాలో తినే వస్తువు ఉంచకూడదు. ఆ డబ్బా మీదని, మిమ్మల్ని ఒక్క మాట అడగాలని ఇంట్లో ఎవరికీ తోచకపోవడం మాత్రం అంతకంటే పెద్ద తప్పు.

మీవారి మాటా నిలవదు. రెడ్‌నీల్లో మగవి ఎదిగాక ఎక్కువ కాలం ఉండవు గానీ, ఆడవి ఇరవై ఏళ్లు దాటి బతుకుతాయి. రెండు వేర్వేరు జాతుల ప్రాణులకు మందు కొట్టిన వారంలోనే వయసైపోతుందా? బొద్దింకను చంపే మందు సాలెపురుగును వదలదు. కుబుసం విడిచేటప్పుడైతే టరాంటులా వెల్లకిలా పడుకుంటుంది. చనిపోయేటప్పుడు మాత్రం, ఒంట్లోని రక్తద్రవం ఒత్తిడితో చాపే కాళ్లు, ఆ ఒత్తిడి పోయాక కిందికి ముడుచుకుపోతాయి. ఇది మీకు తెలుసు కాబట్టి, చూడగానే ఆశ వదిలేసుకుని ఉంటారు. పక్కనున్న వాళ్లకు ఆ క్షణం అర్థం కాలేదు.

కొత్తదాన్ని తెమ్మని స్నేహితులు అంటారు. ఇప్పుడే వద్దు, కార్పెట్లలో మందు ఇంకా ఉంటుంది. పాత మట్టి, బెరడు ముక్కలు పారేయండి. పెంపుడు జంతువులు పోయినవాళ్ల కోసం కార్నెల్ పశువైద్య కళాశాల లాంటివి ఫోన్ సేవ నడుపుతున్నాయి. మొహమాటపడకుండా మాట్లాడండి.

అసలు నాకు కోపం తెప్పించింది మీ అత్తయ్యగారి ఆ ఫోన్ మాట. పిల్లలు లేని ఆడది కన్నీళ్లు పెడితే మన ఇళ్లలో కారణం ముందే రాసిపెట్టి ఉంటుంది. ఉద్యోగం పోయి ఏడ్చినా, కన్నతండ్రి పోయి ఏడ్చినా చివరికి అక్కడికే తెచ్చి కడతారు. ఓదారుస్తున్నామనుకుంటూ పాత గాయాన్ని కెలుకుతారు. చదువుకున్న ఇళ్లలోనూ ఇదే తంతు. మీరు ఏడుస్తున్నది పుట్టని బిడ్డ కోసం కాదు. కుబుసం విడిచే ముందు తిండి మానేస్తే కంగారుపడకుండా వారాల తరబడి ఆగి, విడిచాక కోరలు గట్టిపడేదాకా పురుగు వేయకుండా చూసుకున్న ఒక ప్రాణి కోసం. దానికి ఇంకో అర్థం వెతికే హక్కు ఎవరికీ లేదు. మీరూ వెతుక్కోకండి.

‘అది నిన్ను గుర్తుపట్టేదా?’ అంటారు. పట్టకపోవచ్చు. తిరిగి ప్రేమ రాదని తెలిసీ ఇన్నేళ్లు సాకినవాళ్ల దుఃఖం చిన్నదెలా అవుతుంది? మన పల్లెల్లో కాడెద్దు చస్తే పసుపుకుంకుమలు పెట్టి పూడ్చేవారు, ఆ పూట రైతు ముద్ద ముట్టేవాడు కాదు. అతన్ని చూసి ఎవరూ నవ్వలేదే!

గుత్తి సాలెపురుగు సంగతి మీ అత్తయ్యగారికి చెప్పండి. గుత్తిలో దొరికిన నమూనాతో 1899లో శాస్త్రలోకానికి తెలిసిన జాతి అది. నూరేళ్లు కనబడకుండా పోయి, 2001లో నంద్యాల–గిద్దలూరు మధ్య అడవుల్లో మళ్లీ దొరికింది. ఈనాటికీ అంతరించిపోయే అంచున ఉంది. వింటే ఆమెకూ మనసు కరగొచ్చు.

మీవారిని మాత్రం వదలకండి. చెప్పకుండా మందెందుకు కొట్టించారో కూర్చోబెట్టి అడగండి. వయసు మాట మళ్లీ ఎత్తితే ఒప్పుకోకండి. ఆయన మీకు క్షమాపణ చెప్పాలి. ఆ ఫోన్ మాట గురించి వాళ్లమ్మగారితో ఆయనే మాట్లాడాలి, ఆ పని మీ నెత్తిన వేసుకోవద్దు.